అడవిదారిలో మంచినీళ్ళ గ్లాసు

మొన్న కర్నూలు నుంచి ఒక పాఠకురాలు ఉత్తరం వ్రాశారు. "డాక్టరు గారూ, ఈసారి ఉగాదికి మేము ఇంటిల్లిపాదీ శ్రీశైలానికి అడవిదారిన నడిచి వెళ్ళాలనుకుంటున్నాము. ఇద్దరు పిల్లలు కూడా వస్తున్నారు. వీపున సంచీ మోస్తూ మూడు రోజుల నడక గనుక బరువు తగ్గించుకోమని అందరూ చెబుతున్నారు. మంచినీళ్ళు తాగడానికి తేలికైన గ్లాసు ఏది? అసలు గ్లాసు అవసరమా, సీసా వుంటే చాలదా?" అని అడిగారు.

ప్రశ్న చిన్నదే. కాని ఒక్క వాక్యంలో జవాబు వ్రాసి పంపలేకపోయాను. ఆ దారిలో నేను ఒకసారి వైద్య శిబిరంలో పని చేశాను. మరొకసారి సంచీ తగిలించుకుని స్వయంగా నడిచాను. రెండుసార్లూ నాకు బుద్ధి చెప్పింది మంచినీళ్ళ గ్లాసే. అందుచేత ఈ వారం శీర్షికంతా ఆ గ్లాసుకే కేటాయిస్తున్నాను.

ఇదీ దారి

ఆత్మకూరు దాటి వెంకటాపురం చేరితే అక్కడి నుంచి నల్లమల అడవి మొదలు. నాగలూటి వీరభద్రస్వామి గుడి, దామెర్లకుంట, పెద్దచెరువు, మఠంబావి, భీముని కొలను, ఇవీ మజిలీలు. చివర కైలాసద్వారం మెట్లు. అంతా కలిపి 40 కిలోమీటర్లకు అటూ ఇటూగా వుంటుంది. అది దాటాక శ్రీశైలం ఇంకా కొన్ని కిలోమీటర్లు. ఇది పులుల అభయారణ్యం గనుక ఏడాది పొడుగునా జనాన్ని పోనివ్వరు. శివరాత్రికీ ఉగాదికీ మాత్రం దారి తెరుస్తారు.

ఉగాదికి వచ్చేవారిలో ఎక్కువమంది కన్నడ సోదరులు. రాయచూరు, బళ్ళారి, కలబురగి, బాగల్‌కోట వైపుల నుంచి వందల కిలోమీటర్లు నడిచి వస్తారు. భ్రమరాంబ తమ ఇంటి ఆడపడుచని వారి నమ్మకం. పుట్టింటివాళ్ళు సారె తెచ్చినట్లు చీరె, పసుపు, కుంకుమ మూట కట్టి తెస్తారు. వీపున సంచీ, నెత్తిన మూట, చేతిలో కర్ర. మోదుగుచెట్ల కింద రాలిన ఎర్రటి పూలమీదుగా వాళ్ళు పాడుకుంటూ పోతుంటే చూసినవాడికి కూడా నడవాలనిపిస్తుంది.

అయితే ఉగాది నాటికి ఎండలు ముదురుతాయి. వాగులు ఎండిపోతాయి. దాతలు దారి పొడుగునా డ్రమ్ముల్లో, ట్యాంకర్లలో నీళ్ళు పెడతారు. వాళ్ళ పుణ్యమా అని ఎంతోమంది ప్రాణాలు నిలుస్తున్నాయి. కాని ఒక్కొక్క డ్రమ్ముకు ఒకటే గ్లాసు, తాడుతోనో గొలుసుతోనో కట్టి వుంటుంది. పాత రైల్వే స్టేషన్లలో మనమంతా చూసిన గొలుసు గ్లాసు అదే.

నా పొరపాటు

2014 ఉగాదికి నన్ను ఆ దారిలో వైద్య శిబిరానికి వేశారు. కాళ్ళ బొబ్బలు, వడదెబ్బ, వాంతులు, విరేచనాలు, ఇవే కేసులు. ఒక మధ్యాహ్నం ఒక తల్లి ఆరేళ్ళ పిల్లవాణ్ణి భుజాన వేసుకుని వచ్చింది. ఉదయం నుంచి నాలుగైదు విరేచనాలట. బాబు నీరసంగా వున్నాడు గాని స్పృహలోనే వున్నాడు, నీళ్ళు తాగుతున్నాడు. ఓఆర్ఎస్ పొడి ప్యాకెట్టు ఇచ్చి, నాకు వచ్చిన అరకొర కన్నడంలో, "ఇదంతా ఒక లోటా నీళ్ళలో కలిపి కొద్ది కొద్దిగా తాగించమ్మా" అని చెప్పి పంపాను. వెనుక క్యూ పొడుగ్గా వుంది.

మా ఊళ్ళో లోటా అంటే చెంబంత పాత్ర. లీటరు నీళ్ళు పడతాయి. కన్నడంలో లోట అంటే మంచినీళ్ళ గ్లాసు! ఆ సంగతి నాకు తెలియదు.

గంటన్నర తరువాత ఆమె తిరిగి వచ్చింది. పిల్లవాడు వాంతులు చేసుకుంటున్నాడు. నోరు పిడచకట్టుకుపోయి, దాహం దాహమని ఏడుస్తున్నాడు. చిరాకుగా వున్నాడు, ఒళ్ళు ముట్టుకోనివ్వడు. "ఎందులో కలిపావమ్మా?" అని అడిగితే సంచీలోంచి చిన్న స్టీలు గ్లాసు తీసి చూపించింది. 200 మిల్లీలీటర్లు పడుతుందేమో. లీటరు నీళ్ళకు వేయవలసిన పొడి అంతా అందులో కలిపింది. అంటే అయిదు రెట్లు చిక్కన! అందులో సగం బాబు కడుపులోకి పోయింది.

ఉప్పు అంత చిక్కగా పోతే అది శరీరంలోని నీటిని పేగుల్లోకి లాగుతుంది. రక్తంలో సోడియం పెరుగుతుంది. పసిపిల్లలకు ఫిట్స్ కూడా రావచ్చు. వెంటనే అంబులెన్సులో పెద్ద ఆసుపత్రికి పంపాము. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. మర్నాడు సాయంత్రం బాబు కోలుకున్నాడని తండ్రి స్వయంగా వచ్చి చెప్పాడు. పైగా నాకే దండం పెట్టాడు. తప్పు ఆ తల్లిది కాదు. "గ్లాసు చూపించమ్మా" అన్న ఒక్క మాట నేను ముందే అడిగి వుంటే సరిపోయేది.

మందు కంటే కొలత ముఖ్యం

ఓఆర్ఎస్ కథ మన దేశానికి గర్వకారణం. 1971లో బంగ్లాదేశ్ యుద్ధకాలంలో లక్షలాది శరణార్థులు పశ్చిమ బెంగాల్‌కు వచ్చారు. బన్‌గావ్ శిబిరంలో కలరా చెలరేగింది. నరాలకు ఎక్కించే సెలైన్ చాలలేదు. డాక్టర్ దిలీప్ మహలనాబిస్ ఉప్పు, గ్లూకోజు, సోడా తూకం వేయించి, డ్రమ్ముల్లో నీళ్ళతో కలిపి, రోగుల బంధువుల చేతనే కప్పులతో తాగించారు. అటువంటి శిబిరాల్లో నూటికి 30 మంది దాకా చనిపోతున్న రోజులవి. ఈ ద్రవం తాగినవారిలో మరణాలు 3.6 శాతానికి దిగాయి. ఆయన 2022లో కన్నుమూశారు. మరుసటి ఏడాది ప్రభుత్వం పద్మవిభూషణ్ ప్రకటించింది.

ఆయన విజయంలో మందు పాత్ర ఎంతో, కొలత పాత్ర అంత. ఈనాటి ప్రామాణిక ప్యాకెట్టులో 20.5 గ్రాముల పొడి వుంటుంది. దానికి సరిగ్గా ఒక లీటరు నీళ్ళు కావాలి. 200 మిల్లీలీటర్లకు సరిపోయే చిన్న ప్యాకెట్లూ బజారులో దొరుకుతాయి. రెండూ చూడటానికి ఒకేలా వుంటాయి గనుక ప్యాకెట్టు మీద వున్నది చదవకుండా కలపకండి. ప్యాకెట్టు దొరకకపోతే లీటరు మంచినీళ్ళలో 6 టీ చెంచాల పంచదార, అర టీ చెంచా ఉప్పు వేయండి. చెంచా తలకొట్టి కొలవాలి, గోపురంగా వద్దు. కలిపిన నీళ్ళు 24 గంటలు దాటితే పారబోయండి.

ఎంత తాగించాలి? రెండేళ్ళలోపు పిల్లలకు ప్రతి విరేచనం తరువాత 50 నుంచి 100 మిల్లీలీటర్లు, రెండు నుంచి పదేళ్ళ వారికి 100 నుంచి 200 మిల్లీలీటర్లు, ఆపై వయసువారికి వారు తాగగలిగినంత. చూశారా, ప్రతిచోటా మిల్లీలీటర్లే! మీ గ్లాసు ఎంత పడుతుందో మీకు తెలియకపోతే ఈ సలహా అంతా వృథా.

ఎంగిలి ఒక్కటే కాదు

"మేము గ్లాసు పెదవికి తాకించకుండా పైనుంచి పోసుకుని తాగుతాం కదా, డ్రమ్ము దగ్గరి గ్లాసైతేనేం?" అని చాలామంది అంటారు. ఎత్తి పోసుకోవడం మన పెద్దలు నేర్పిన మంచి అలవాటు. కాదనను. 1908లో అమెరికాలో ఆల్విన్ డేవిసన్ అనే ఆచార్యుడు బడిపిల్లలంతా తాగే ఉమ్మడి కప్పును పరీక్షించి, దాని నిండా సూక్ష్మజీవులున్నాయని చూపించాడు. 1909లో కాన్సాస్ రాష్ట్ర వైద్యాధికారి డాక్టర్ శామ్యూల్ క్రంబైన్ రైళ్ళలోనూ బహిరంగ స్థలాల్లోనూ ఉమ్మడి కప్పును నిషేధింపజేశాడు. మన వాళ్ళకు ఎంగిలి సంగతి ఆయన చెప్పనక్కరలేదు.

కాని మన ఎంగిలి పట్టింపులో ఒక లోపం వుంది. అది నోటిని చూస్తుంది, చేతిని చూడదు. 2023లో నేను నడిచినప్పుడు పెద్దచెరువు దగ్గర ఒక డ్రమ్ము పక్కన పావుగంట కూర్చున్నాను. దాదాపు అందరూ ఎత్తి పోసుకునే తాగారు. దాదాపు అందరి వేళ్ళూ గ్లాసుతోపాటు నీళ్ళలో మునిగాయి! కామెర్లు, టైఫాయిడ్, కలరా, ఇవన్నీ మలంతో కలుషితమైన నీళ్ళ ద్వారా, చేతుల ద్వారా వచ్చేవి. అడవిలో బహిర్భూమికి వెళ్ళి వచ్చిన చేతికి సబ్బు ఎక్కడిది? ఒక్క చేయి చాలు, డ్రమ్మంతా పాడు చేయడానికి.

కాబట్టి మీ గ్లాసును కూడా డ్రమ్ములో ముంచకండి. కుళాయి వుంటే దాని కింద పట్టండి. లేకపోతే పొడుగు కాడ గరిటె అడిగి దానితో పోయించుకోండి. ఇంట్లో ప్రతి మనిషికీ ఒక గ్లాసు వుండాలి. భార్యాభర్తలైనా సరే, ఆ మూడు రోజులూ ఎవరి గ్లాసు వారిదే.

ఏ గ్లాసు?

నాతో నడిచింది మా మేనల్లుడు. బెంగుళూరులో ఉద్యోగం. సెలవు దొరికితే హిమాలయాలకు పోతాడు. అతని సంచీలో మడత పిడి వున్న టైటానియం కప్పు వుంది. నాకేమో మా ఆవిడ ఇంట్లోని పావు లీటరు స్టీలు గ్లాసు ఇచ్చింది. "మామయ్యా, ఇంత ఇనుము మోస్తావా?" అని నవ్వాడు. బయలుదేరే ముందు రెంటినీ వంటింటి తక్కెడలో పెట్టి చూశాము. అతని కప్పు 68 గ్రాములు, నా గ్లాసు 85 గ్రాములు. తేడా 17 గ్రాములు. ఒక నిమ్మకాయ అంతకన్నా బరువు!

అయితే అతను చెప్పిందీ నిజమే. టైటానియం సాంద్రత స్టీలులో 60 శాతం కూడా వుండదు. అతని కప్పులో 450 మిల్లీలీటర్లు పడతాయి. అందులోనే నీళ్ళు కాచుకోవచ్చు, నూడుల్స్ వండుకోవచ్చు. గిన్నె, గ్లాసు రెండూ అదే. వారం పది రోజులు కొండల్లో సొంతంగా వండుకునేవారికి ఆ ఖర్చు దండుగ కాదు. మూడు రోజులు అన్నదానాల మధ్య నడిచే మనకు మాత్రం అనవసరం.

రాగి చెంబు మంచినీళ్ళకు మంచిదే గాని బరువు. పైగా దారిలో మజ్జిగ, నిమ్మరసం పోస్తారు. పులుపు తగిలితే రాగి కరిగి కడుపులో వికారం, వాంతులు తెస్తుంది. కళాయి లేని ఇత్తడి కూడా అంతే. అల్యూమినియం చాలా తేలిక, చవక. కాని వేడిని స్టీలు కంటే దాదాపు 15 రెట్లు త్వరగా అందిస్తుంది. వేడి టీ పోస్తే మొదట పెదవే కాలుతుంది. పులుపు నిలవవుంచితే ఆ లోహమూ కరుగుతుంది.

ప్లాస్టిక్కు కావాలనుకుంటే అడుగున త్రికోణంలో 5 అంకె వున్న పాలీప్రొపిలీన్ కప్పు తీసుకోండి. అది నీళ్ళకంటే తేలిక. గీతలు పడితే మాత్రం మార్చేయండి. ఆ గీతల్లో జిడ్డు, దానిలో క్రిములు చేరతాయి. సిలికాన్ మడత కప్పు జేబులో పడుతుంది గాని దాని మడతలు తోమడం కష్టం, వేడి టీ పోస్తే మెత్తబడి వూగుతుంది. రెండు పొరల కప్పులు వేడి నిలుపుతాయి కాని బరువెక్కువ. వాటిని పొయ్యి మీద పెట్టవద్దు. పొరల మధ్య బిగిసిన గాలి వ్యాకోచించి కప్పు పగిలే ప్రమాదం వుంది.

"కాగితం కప్పు వాడి పారేస్తే పోలేదా?" అనవచ్చు. కాగితం కప్పు లోపల పలచని ప్లాస్టిక్ పొర వుంటుంది. ఖరగ్‌పూర్ ఐఐటీ వారు 2020లో పరీక్షించి చూస్తే, 100 మిల్లీలీటర్ల వేడి ద్రవంలోకి 15 నిమిషాల్లో దాదాపు 25,000 ప్లాస్టిక్ రేణువులు చేరాయి. ఇక వాడి పారేసే ప్లాస్టిక్ గ్లాసులను 2022 జూలై 1 నుంచి దేశమంతటా నిషేధించారు. అయినా పెద్దచెరువు గట్టున అవి కనబడ్డాయి. జింకలు ఉప్పు వాసనకు వాటిని నములుతాయి. మనం దర్శనానికి పోతూ మూగజీవాలకు విషం పెట్టిపోవడం ఏం న్యాయం?

నా మట్టుకు నేను చెప్పేది పలచని, ఒకే పొర స్టీలు గ్లాసు. అంచు లోపలికి మడిచి సందు లేకుండా వుండాలి. మడతలో మడ్డి చేరుతుంది. అడుగు వెడల్పుగా వుంటే రాతిమీద నిలుస్తుంది. చేయి పట్టేంత నోరుంటే తోమడం తేలిక. పావు లీటరు పడితే అన్నింటికన్నా మంచిది.

మోసే పద్ధతి

గ్లాసును సంచీకి బయట వేలాడదీయకండి. దుమ్ము, ఈగలు దాని కోసమే కాచుకుని వుంటాయి. కొందరు తెలివిగా నీళ్ళసీసా అడుగును గ్లాసులో దించి పెడతారు. చోటు కలిసి వస్తుంది, నిజమే. కాని ఆ సీసా అడుగు ఎక్కడెక్కడ ఆనిందో ఆలోచించారా? గుడి మెట్లమీద, చెట్లకింద, పొదలపక్క. ఆ మట్టంతా గ్లాసులోకి! గ్లాసును సీసా అడుగున కాదు, మూతమీద బోర్లించండి. గ్లాసూ శుభ్రం, సీసా మూతీ శుభ్రం. పైన చిన్న గుడ్డ సంచీ తొడిగితే చాలు.

దారిలో మట్టితో తోమవద్దు. జనం వేలమంది నడిచే చోట ఆ మట్టి శుభ్రమైనది కాదు. చిన్న సబ్బుముక్క వెంట వుంచుకోండి. చివర తొలిచేది మాత్రం తాగే నీళ్ళతోనే.

గ్లాసు మరొక లెక్క కూడా చెబుతుంది. సీసా ఎత్తి గుటకలు వేస్తే ఎంత తాగామో తెలియదు. ఎండలో నడిచేటప్పుడు 20 నిమిషాలకు ఒక పావు లీటరు గ్లాసు చొప్పున, దాహం వేయకముందే తాగండి. గంటకు లీటరున్నర మించవద్దు. వట్టి నీళ్ళు అదేపనిగా తాగితే రక్తంలో ఉప్పు పలచబడి తలనొప్పి, తిక్క వస్తాయి. మధ్యలో ఉప్పు వేసిన మజ్జిగ తీసుకోండి. గుండె, మూత్రపిండాల జబ్బులున్నవారు బయలుదేరే ముందే తమ డాక్టరును అడిగి కొలత తెలుసుకోవాలి.

చివరి మాట

భీముని కొలను నుంచి కైలాసద్వారం దాకా నిలువు మెట్లు. నా వయసుకు ప్రతి యాభై మెట్లకూ ఒక మజిలీ. అక్కడ కూర్చుని నా గ్లాసులో నీళ్ళు పోసుకుంటూ వుంటే ఆ పిల్లవాడే గుర్తుకు వచ్చాడు. ఇప్పుడు పదిహేనేళ్ళవాడై వుంటాడు. బహుశా ఆ మెట్లమీదే ఎక్కడో ముందు వెళుతున్నాడేమో అనుకున్నాను.

ఇంటికి వచ్చిన వారంలో గ్లాసు పట్టుకుని స్టీలు సామాన్ల కొట్టుకు వెళ్ళాను. మన కొట్లలో గిన్నెలమీద పేర్లు కొట్టిస్తారు కదా, అందుకు. "పేరేనా సార్?" అన్నాడు కుర్రాడు. "పేరు, దాని కింద 4 = 1 లీ అని కొట్టు" అన్నాను. "ఇదేం లెక్క సార్?" అని నవ్వాడు. జరిగిందంతా చెప్పాను. వాడు నవ్వు మాని శ్రద్ధగా కొట్టి ఇచ్చాడు. డబ్బులు తీసుకోలేదు.

అమ్మా, మీ ప్రశ్నకు నా జవాబు ఇదే. మనిషికొక పావు లీటరు స్టీలు గ్లాసు. బయలుదేరే ముందు ఒక లీటరు సీసా నీళ్ళు నింపి, అవి మీ గ్లాసుతో ఎన్నిసార్లవుతాయో కొలవండి. ఆ అంకెను గ్లాసు అడుగున కొట్టించండి. పిల్లలిద్దరికీ ఆ అంకె నోటికి వచ్చేలా చెప్పండి. సంచీలో రెండు లీటరు ప్యాకెట్ల ఓఆర్ఎస్ వేసుకోండి. విరేచనంలో రక్తం కనిపించినా, మూత్రం ఆగినా, బిడ్డ మగతగా పడివున్నా ఇక గ్లాసుతో కాలయాపన చేయక దగ్గరలోని శిబిరానికి చేర్చండి. అక్కడి డాక్టరు "ఒక గ్లాసులో కలపండి" అంటే మాత్రం, దయచేసి మీ గ్లాసు తీసి ఆయనకు చూపించండి.